బండి తోలని మేస్త్రీ

మా మేస్త్రీకి బండి తోలడం రాదు. ముప్ఫై ఏళ్ళకు పైగా తిరువళ్ళూరులో కార్లూ వ్యాన్లూ విప్పి బిగించిన మనిషి, స్టీరింగ్ ముందు కూర్చోగా నేనొక్కసారీ చూడలేదు. ఇల్లు తిరుత్తణిలో. పొద్దున రైల్లో వచ్చి, సాయంత్రం రైల్లో పోయేవాడు. సైకిలు కూడా లేదు. ప్లాట్‌ఫారం మీద నిలబడి, వస్తున్న రైలు చప్పుడు విని, నాలుగో పెట్టె కింద ఫలానా చక్రానికి గ్రీజు లేదని చెప్పేవాడనీ, మరునాడు రైల్వే వాళ్ళు విప్పి చూస్తే అది నిజమైందనీ నేను చాలామందికి చెప్పాను.

అది అబద్ధం. జరిగింది ఇంతే. ఒకరోజు రైలు వస్తుంటే ఆయన చెవి అటు వంచి, "ఎందుకో గొణుగుతా ఉండాది" అన్నాడు. రైల్వే వాళ్ళు విన్నదీ లేదు, విప్పిందీ లేదు. నా నోట్లో పడిన మాట పడినట్టు బయటికి రాదు, కాస్త ఒళ్ళు చేసి వస్తుంది. డెబ్బై నాలుగేళ్ళ అలవాటు. ఈ కాగితాల మీద మాత్రం, పెంచిన చోట పెంచానని ఒప్పుకుంటూ పోదామనుకుంటున్నాను. ఎందుకో చివర్న తెలుస్తుంది.

పోయిన వారం మేస్త్రీ షెడ్డుకి పోతే షట్టర్ దించి ఉంది. దాని మీద మేస్త్రీ చనిపోయాడని కన్నీటి అంజలి పోస్టరు. ఏ గుర్తింపు కార్డులో ఫొటోనో తీసి పెద్దది చేసినట్టున్నారు, ముఖమంతా మసకబారి చెవులు రెండూ మాత్రం స్పష్టంగా ఉన్నాయి. ఆయన పూర్తి పేరు నాకు ఆ అరవ పోస్టరు చదివాకే తెలిసింది. ఇరవై ఏళ్ళు మేస్త్రీ అనే పిలిచాను. ఇప్పుడు కొత్తగా పేరు పెట్టి పిలిస్తే ఆయనే పలకడు.

ఏ బండి ఎక్కినా ముందు చెప్పులు విప్పేవాడు. ఇటుకల లారీ అయినా సరే. ఆర్.కె.పేట పక్క నేతవాళ్ళ బిడ్డ. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని పెరిగినవాడు. "చెప్పులేసుకోని మగ్గం తొక్కుతామా అన్నా? కాలికి తెలిసేది చెప్పుకి తెలీదు" అనేవాడు. చొక్కా జేబులో టెస్టరు బదులు తెల్ల నూలు ఉండ ఒకటి ఉండేది. గంజి పెట్టని నూలు. గంజి పెట్టింది నీళ్ళు తాగదట. బండిలో ఎక్కడన్నా కారుతోందని అనుమానం వస్తే, బానెట్ ఎత్తి ప్రతి గొట్టానికీ ప్రతి అతుకు దగ్గరా ఒక పోగు కట్టి, కొస వేలాడదీసేవాడు. ఆ మీద బండి నడిపించుకుని వచ్చి చూస్తే, కారే చోట పోగు రంగు తిరిగి ఉంటుంది.

"చేత్తో తుడిస్తే తడి పోతాది. ఇంజన్ వేడికి ఆరిపోతాది. నూలు తాగినాక దాచిపెట్టుకోలేదు గదన్నా" అనేవాడు.

కారుతుంటే రేడియేటర్లో పసుపు పొయ్యడం మా కాలపు డ్రైవర్ల వైద్యం. నేనొకసారి ఆ మాట ఎత్తితే, "బండికి నలుగు పెడతావా ఏంది, పెండ్లి జేస్తావా?" అని నా ముఖం మీదే నవ్వాడు. ఎక్కడ పోతోందో కనుక్కోకుండా బిగించడం, పూడ్చడం ఆయన దగ్గర లేదు. కనుక్కోవడానికి కూడా పద్ధతి ఒకటే. బండి యజమాని తోలాలి. తాను ఎడమ పక్క సీట్లో కూర్చుని కళ్ళు మూసుకోవాలి.

"నువ్వే తోలి చూడొచ్చు గదా మేస్త్రీ" అంటే, "తోలేవానికి రోడ్డు ఇనిపిస్తాది. బండి ఇనిపించేది పక్కన కూసున్నోనికే" అనేవాడు.

మా బండి ఏడుగురు పట్టే పాత డీజిల్ బండి. కొడుకు కొన్నాడు, ఏలుబడి నాది. మావాడు శ్రీపెరుంబుదూరు వైపు ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తాడు. మనవరాలిని బడికి దింపడం, మా ఆవిడను ఆస్పత్రికి తీసుకుపోవడం, పెళ్ళిళ్ళకు బంధువులను మోయడం అన్నీ నావే. ఆదివారం ఆదివారం ఇంజన్‌ని చల్లబరిచే రంగు నీళ్ళు, కూలెంట్, ఆ డబ్బా చూసి నింపడం కూడా నా పనే. పోయినేడు ఎండాకాలం ముందు, నింపిన డబ్బా నాలుగు రోజులకే ఖాళీ కావడం మొదలైంది. కింద చూస్తే చుక్క లేదు. బండి నిలిపిన చోట సిమెంటు ఎండిపోయి ఉంటుంది. ఇంజన్ మాత్రం కాగిపోతోంది.

"నాయనా, ఆదివారం నీళ్ళు పోసినావా?" అన్నాడు మావాడు.

"పోసినా."

"పోసినావా, పోసినట్ల అనుకున్న్యావా?"

అప్పటికి నేను ఎదురింటాయన్ని చచ్చిపోయిన మా అన్న పేరుతో పిలిచి ఉన్నాను. గ్యాసు మీద పాలు పెట్టి వీధిలోకి పోయి ఉన్నాను. అందుకని వాడి ప్రశ్నలో ఎగతాళి లేదు. అదే నాకు భయం వేసింది. ఆ మీద నుంచి నింపిన రోజున క్యాలెండర్లో సున్నా చుట్టడం మొదలుపెట్టాను. మళ్ళీ డబ్బా ఖాళీ. మావాడు సున్నాలు చూశాడు, నన్ను చూశాడు. మరునాడు గోడ మేకుకి బండి తాళంచెవి లేదు. వాడి జేబులో ఉంది.

ఇంట్లో వాడితో పెద్ద గొడవ పెట్టుకున్నానని, తాళంచెవి తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టే దాకా అన్నం ముట్టలేదని చెప్పుకునేవాణ్ణి. ముట్టాను. ఆ పూట చింతపండు పులుసు బాగుంది కూడా. గొడవ పెట్టుకోవడానికి నాకు ధైర్యం లేకపోయింది. సున్నా చుట్టింది నిజమే, కానీ నీళ్ళు పోసి చుట్టానా, ఊరికే చుట్టానా? ఎంత తలచుకున్నా, క్యాన్ ఎత్తిన చెయ్యి గుర్తొస్తోంది గానీ అది ఏ ఆదివారం చెయ్యో తెలియలేదు. బండి పోతే పోయింది, నా మతి కూడా పోయిందేమోనని ఒక్కణ్ణే కూర్చుని ఆ సున్నాలే మళ్ళీ మళ్ళీ లెక్కబెట్టాను.

చివరికి మా ఆవిడే అంది. "ఏమయ్యా, మేస్త్రీని అడిగితే సరిపాయ. ఆయప్పకి నీ మీద కోపం లేదు, బండి మీద ప్రేమ లేదు. ఉండేది ఉన్నట్ల చెప్తాడు."

ఒక ఆదివారం నలుగురం బయల్దేరాం. తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి, అక్కడి నుంచి కొండ మీదికి. బండికి కొండ ఎక్కే బరువు పడితేనే కారేది బయటపడుతుందని మేస్త్రీ మాట. పోగులన్నీ కట్టాడు. నన్ను తోలమన్నాడు. మావాడు జేబులోంచి తాళంచెవి తీసి నాకిచ్చేటప్పుడు ఇవ్వాలా వద్దా అన్నట్టు ఒక క్షణం పట్టుకునే ఉన్నాడు. వాడూ వాళ్ళమ్మా వెనక కూర్చున్నారు. మేస్త్రీ చెప్పులు విప్పి ఎడమ సీటు ఎక్కబోయి, కింద చూసి ఆగాడు. అక్కడ మ్యాటు మీద మా ఆవిడ నేత తువ్వాలు ఒకటి నాలుగు మడతలు పెట్టి పరిచి ఉంది.

"ఇదేంది వదినా?"

"తొక్కొద్దు మేస్త్రీ. మురుగన్ ప్రసాదం ఒలికిండాది ఆడ. రెండు నెలలాయ, కొండకు పోయి వచ్చినప్పుడు పంచామృతం డబ్బా మూత ఊడిపోయిండ్య. వాసన చూడు, ఇంకా తియ్యగా వస్తాది. స్వామి బండిలోనే ఉండాడు."

మేస్త్రీ రెండు చెంపలూ వేసుకున్నాడు. కాళ్ళు ఎత్తి సీటు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. తిరుత్తణి దాకా అలాగే కూర్చున్నాడు. ముందద్దం లోపలి వైపు ఏదో జిడ్డు పొగలా పట్టి ఉండేది. అది బండిపూజ కర్పూరం మసి అనుకుని మా ఆవిడ తుడిచేది కాదు. అన్నిటికీ మా దగ్గర దేవుడి కారణం ఒకటి సిద్ధంగా ఉంది.

కొండదారిలో వంపులు పద్నాలుగని చెప్తుంటాను. అన్ని లేవు. కానీ ఆ రోజు నాకు అన్ని ఉన్నట్టే అనిపించింది. పైన ఆపగానే మేస్త్రీ దిగి బానెట్ ఎత్తాడు. మావాడు పక్కన నిలబడ్డాడు. ఒక్కొక్క పోగూ పట్టి చూశారు. ఒకటి కాదు, రెండు కాదు, అన్నీ తెల్లగా, పొడిగా ఉన్నాయి. డబ్బాలో మాత్రం రెండు వేళ్ళ ఎత్తు కూలెంట్ తగ్గింది. పొద్దున దాన్ని నింపింది నేను, పక్కనుండి చూసినవాళ్ళు లేరు.

మావాడు నా వైపు తిరిగాడు. "పరవాల్లేదు నాయనా" అన్నాడు. అంతకన్నా తిట్టి ఉంటే బాగుండేది.

మేస్త్రీ ఎడమ వైపు తలుపు తెరిచి, చతికిలబడి, తువ్వాలు కేసి చాలాసేపు చూశాడు.

"వదినా, ఒలికి ఎన్నాళ్ళాయ అన్న్యావు?"

"రెండు నెల్లు."

"బెల్లం, అరటిపండు, తేనె, ఖర్జూరం. మా ఇంట్లో బెల్లం తునక పడితే అరగంటలో చీమలు బారు కడతాయి. రెండు నెల్లు పంచామృతం ఉంటే ఈడ ఒక్క చీమ ల్యాకపాయనే?"

అందరం వంగి చూశాం. ఒక్క చీమా లేదు. మేస్త్రీ కొండ మీద గోపురం వైపు తిరిగి దండం పెట్టుకుని, "తప్పయితే కాయప్పా" అని తువ్వాలు ఎత్తాడు. కింద మ్యాటు ఎత్తాడు. దాని కింద కార్పెట్టు నానిపోయి ఉంది. జేబులోంచి నూలు తీసి, డ్యాష్‌బోర్డు కింద చీకట్లోకి చెయ్యి పోనిచ్చి, ఎక్కడో ఆనించి పట్టుకున్నాడు. బయటికి తీస్తే పోగు సగం దాకా ఎర్రగా ఉంది. మేం పోసే కూలెంట్ రంగు.

"హీటరు" అన్నాడు. "దానికి ఇంజన్ నుంచి వేడినీళ్ళు లోపలికి వస్తాయి. ఆ గొట్టం అతుకు వదిలిండాది. కింద కారితే గదా కనిపించేది? కారేదంతా కార్పెట్టు తాగింది, ఆవిరి అద్దానికి పట్టింది. తియ్య వాసన దానిదే."

మా బండికి హీటరు ఉందని అప్పటిదాకా మాకెవ్వరికీ తెలియదు. తిరువళ్ళూరు ఎండకి హీటరెవడికి కావాలి? ప్రసాదమని ఎవరూ కాలు పెట్టలేదు. కాలు పెట్టి ఉంటే మొదటి వారమే తడి తెలిసేది.

మేస్త్రీ ఉన్నట్టుండి తల ఎత్తాడు. "ఎవురూ నోట్లో పెట్టుకోలేదు గదా? ఇది ఇసం."

నేను ఆకాశం చూశాను.

"అన్నా!"

"కొంచెం" అన్నాను. "వేలి కొసతో. ప్రసాదం కదా అని."

"యా పొద్దు?"

"నెలాయ."

"నాలిక చాపు." గుడి ముందర, వచ్చేపోయే భక్తుల మధ్య నేను నాలుక చాపాను. అటూ ఇటూ చూసి, "చావలేదు, సరి" అన్నాడు. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుకో భయానికో నేనడగలేదు.

అప్పుడు మావాడితో అన్నాడు. "మీ నాయన నీళ్ళు పోసినాడప్పా. ప్రతి వారం పోసినాడు. పోసిందంతా ఈడుండాది, తొక్కి చూసుకో. ఆయన మతికేమీ కాలా."

మావాడు చెప్పు విప్పి నిజంగానే కార్పెట్టు తొక్కి చూశాడు. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి పైకి వచ్చాయి. "దిగేటప్పుడు కూడా నువ్వే తోలు నాయనా" అన్నాడు. తలెత్తి చెప్పలేదు. నా కొడుకు నా ముందు తల దించుకోవడం అంత సంతోషంగా ఉంటుందని నాకు తెలియదు. సంతోషంగానే ఉండింది. అదీ ఒప్పుకోవాలి.

ఈ కథలో చీమల సంగతి కనిపెట్టింది నేనేనని ఊరంతా చెప్పుకున్నాను. మేస్త్రీ షెడ్డులోనే, మేస్త్రీ ముందే, వచ్చిన వాళ్ళందరికీ చెప్పాను. ఆయన స్పానర్ తిప్పుతూ, "అవును, అన్నే కనిపెట్టినాడు" అనేవాడు. ఒక్కసారి కూడా ముఖంలో మార్పు లేదు.

తల్లీ కొడుకూ దర్శనానికి లోపలికి పోయారు. మేమిద్దరం బండి దగ్గరే ఉన్నాం. మేస్త్రీ అతుకు తాత్కాలికంగా బిగించి, చేతులు తుడుచుకుంటూ నా పక్కన పిట్టగోడ మీద కూర్చున్నాడు.

"అన్నా, ఒక మాట. వచ్చేటప్పుడు ఎడమ పక్క నుంచి మూడు తూర్లు హారన్ కొట్టినారు. రెండు మోటారు సైకిళ్ళు, ఒక ఆటో. నువ్వు ఒక్క తూరీ స్టీరింగ్ కదిలించలా."

"ధైర్యం మేస్త్రీ. ఎన్నేళ్ళు తోలిన సర్వీసు."

"ధైర్యం గాదు. నీకు తెలీలా. నేను కండ్లు మూసుకోనుండా, చెవులు మూసుకోలా. ఆ ఎడమ కన్ను ఎన్నాళ్ళ నుంచి?"

అద్దంలో ఎడమ పక్క ఏదో నీడ అడ్డం ఉన్నట్టు ఉండడం నాకు అంతకు ముందు ఏడాది నుంచి తెలుసు. దాన్ని కళ్ళజోడు మురికి అనుకునేవాణ్ణి. మా ఆవిడ కర్పూరం మసి అనుకున్నట్టే.

"మావానికి చెప్తావా?" అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్లాడి గొంతులా వినిపించింది.

"బండి సంగతి నేను చెప్తా. మనిషి సంగతి మనిషే చెప్పుకోవల్ల. నీ మనవరాలు ఎక్కే బండి అన్నా ఇది. నువ్వే చెప్పు."

దిగేటప్పుడు ఆయన కళ్ళు మూసుకోలేదు. కింది దాకా నాకొక్కడికే వినిపించేలా, "ఎడమ... ఇంకొంచెం... ఆ, పో" అంటూ వచ్చాడు. షెడ్డు చేరాక హీటరు దాకా పోయే గొట్టాన్ని తప్పించి, వేరే దారి కలిపాడు. పని అయ్యాక మావాణ్ణి పక్కకు పిలిచి ఏదో చెప్పాడు. దూరం నుంచి చూస్తూ నేను చెమటలు కక్కాను. మావాడు తిరిగొచ్చి, "పోదామా నాయనా" అన్నాడు. అంతే. మేస్త్రీ మాట తప్పలేదని తెలిసి ఊపిరి పీల్చుకున్నాను. తాళంచెవి మళ్ళీ మేకు మీదికి వచ్చింది.

అప్పటి నుంచి నేను షెడ్డు ముందు నుంచి పోయినప్పుడల్లా ఆయన తలెత్తి ఒకటే అడిగేవాడు. "చెప్పినావా?"

"రేపు" అనేవాణ్ణి.

"సరి" అనేవాడు.

ఏడాది దాటింది. ఎన్ని రేపులో. మధ్యలో ఒకసారి ఎడమ అద్దం ఆటోకి తగిలి విరిగింది. ఆటోవాడిదే తప్పని గట్టిగా వాదించి గెలిచాను. తప్పు నాది. ఆ రోజు పక్కన కూర్చున్న మా ఆవిడ, "ఆటో, ఆటో" అని ముందే అరిచింది కాబట్టి అద్దంతో పోయింది. ఈ ఏడాదిలో నన్ను ఎవరూ ఒంటరిగా పోనివ్వలేదు. కూరగాయలకు పోయినా మావాడో, కోడలో, మా ఆవిడో వచ్చి ఎడమ సీట్లో కూర్చునేవారు. నన్ను విడిచి ఒక్క గంట ఉండలేరని, అంత ప్రేమ అని నేను ఊళ్ళో చెప్పుకుంటున్నాను.

పోస్టరు ముందు నిలబడితే నాకు మొదట వచ్చిన ఆలోచన దుఃఖం కాదు. ఇక ఎవరికీ తెలియదు, అనే ఆలోచన. నా కన్ను సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషి పోయాడు. "చెప్పినావా" అని అడిగేవాడు లేడు. ఒక్క నిమిషం హాయిగా అనిపించింది. ఆ రోజు ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఒక్కణ్ణే బండి తెచ్చి ఉన్నాను. తర్వాత బండి ఎక్కి, అద్దంలో ఎడమ పక్కకి చూసి, స్టార్టు చేయలేక అక్కడే కూర్చున్నాను. మావాడికి ఫోన్ చేసి బండి మొరాయించిందని చెప్పాను. బండి బాగానే ఉంది.

ఇదంతా అందుకే రాశాను. రాసి ఇంకో దొంగతనం చేశానని ఇప్పుడే గమనించాను. మావాడు తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. బడిలో వాడు చదివింది అరవం. తెలుగులో ఎంత ఒప్పుకుంటే మాత్రం వాడికేం తెలుస్తుంది? ఒప్పుకున్న పుణ్యం నాకు, తాళంచెవి కూడా నాకే.

ఇక్కడి దాకా మొన్న రాశాను. నిన్న మావాణ్ణి కూర్చోబెట్టి మొదటి నుంచి చదివి వినిపించాను. చీమల దగ్గర నవ్వాడు. పిట్టగోడ దగ్గర నవ్వు ఆగింది. ఎడమ సీటు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండు నాయనా. ఆ పొద్దు షెడ్డులో మేస్త్రీ మామ నాతో ఏమన్న్యాడో తెలుసా? 'గొట్టం తప్పించినాను గానీ అతుకు కొత్తది. కొన్నాళ్ళు ఎవురో ఒకరు ఎడమ సీట్లో చెప్పులిప్పి కూసోవల్ల, కింద తడి తగుల్తాదేమో చూస్తా ఉండల్ల. బండి కదిల్తే ఆ సీటు ఖాళీగా ఉండకూడదు' అన్న్యాడు. ఎన్నాళ్ళు మామా అంటే, 'నేను చాలనే దాకా' అన్న్యాడు. పోయిన నెల కూడా అడిగితే, ఇంకా చాల్లేదు అన్న్యాడు."

మా ఆవిడ వచ్చి నా చేతిలో తాళంచెవి తీసుకుని కొంగుకు ముడేసుకుంది. "రేపు మేస్త్రీ పదహారో దినం కర్మ. పోయొచ్చినాక కంటి డాక్టరు దగ్గరికి పోదాం" అంది. ఇచ్చానని చెప్పుకుందామంటే, ఆమె తీసుకుంది.

ఈరోజు తిరుత్తణి పోయాం. సందు చివర రెండు గదుల ఇల్లు. ముందు గదిలో మగ్గం గుంట పూడ్చిన చోట సిమెంటు వేరే రంగులో ఉంది. మేస్త్రీ భార్య వాకిట్లోనే ఎదురొచ్చింది. నన్ను చూడగానే పోల్చుకుంది. నేనెవరో అక్కడెవరూ చెప్పలేదు, మేస్త్రీయే ఎప్పుడో ఇంట్లో చెప్పి ఉండాలి.

"తిరువళ్ళూరు అన్న గదా. బండి ఎవురు తోలుకోనొచ్చినారన్నా?"

చుట్టూ పదిమంది ఉన్నారు. నాకు అలవాటైన జవాబులు నాలుగైదు నోటి దాకా వచ్చాయి.

"మావాడు" అన్నాను.

ఆమె నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, "సరేన్నా" అని లోపలికి పోయింది. నాకు భోజనానికి ఆకు వేసింది.